మంచు ఎత్తే బాధ్యత ఎవరిది?

కొండ నగరాల్లో ఏటా ఎదురయ్యే పరీక్ష

సిమ్లా: మైదాన ప్రాంతాల నుంచి వచ్చే పర్యాటకులకు హిమపాతం కనులపండువే కావచ్చు. సముద్రమట్టానికి దాదాపు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న సిమ్లా వాసులకు మాత్రం అది వేరే సమస్య. మరునాటి ఉదయం పాలు, నీళ్లు అందుతాయా, రోగిని ఆసుపత్రికి చేర్చే దారి ఉంటుందా అన్నదే వారి ఆందోళన. ప్రధాన రహదారులపై మంచును ప్రభుత్వ యంత్రాంగం తొలగిస్తుంది. ఇంటి మెట్లు, సందులు, పైకప్పుల సంగతి ఎవరు చూడాలన్నది మాత్రం ప్రతి శీతకాలం తలెత్తే ప్రశ్న.

2017 జనవరిలో కురిసిన భారీ మంచు ఈ నగరాన్ని స్తంభింపజేసింది. చెట్లు విరిగి విద్యుత్ తీగలపై పడ్డాయి. పలు ప్రాంతాల్లో రోజుల తరబడి దీపాలు వెలగలేదు. సిమ్లాకు తాగునీటిని దిగువ లోయల నుంచి పంపులతో ఎత్తిపోయవలసి ఉంటుంది. కాబట్టి అక్కడ విద్యుత్ పోతే కొళాయి కూడా ఆగిపోతుంది. దారి తెరుచుకోనిదే మరమ్మతు సిబ్బంది తీగల వద్దకు చేరలేరు. మంచు తొలగింపుపై ఇన్ని సేవలు ఆధారపడి ఉన్నాయి.

కొద్ది గంటలే కీలకం

కొత్తగా పడిన మంచు దూదిలా తేలికగా ఉంటుంది. పారతో సులువుగా నెట్టవచ్చు. జనం తొక్కి, వాహనాలు నడిచిన తరువాత అది గట్టిపడుతుంది. పగటి ఎండకు పైపొర కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి గాజుపలకలా మారుతుంది. కంటికి సరిగా కనిపించని ఈ పొర మీదే పాదచారులు జారిపడి కాళ్లు, చేతులు విరగ్గొట్టుకుంటారు. ఎండ తక్కువగా తగిలే ఉత్తరపు వాలుల్లో ఇది రోజుల తరబడి కరగదు.

యంత్రాలు వెడల్పయిన రోడ్లకే పనికివస్తాయి. నిటారు సందుల్లోకి, మెట్లదారుల్లోకి అవి వెళ్లలేవు. అక్కడ కూలీల పారలే దిక్కు. పట్టు కోసం ఇసుక చల్లుతారు. ఉప్పు మంచును కరిగించినా, చలి బాగా ముదిరితే దాని ప్రభావం తగ్గుతుంది. పైగా మోతాదు మించితే ఇనుప గొట్టాలకు తుప్పు, చెట్ల వేళ్లకు హాని తప్పవు.

కప్పులపై టన్నుల బరువు

ఒక ఘనపు మీటరు తాజా మంచు సుమారు 100 కిలోలు తూగుతుంది. తడిసి అణిగిన మంచు 300 కిలోలకు పైగా ఉండవచ్చు. ఈ లెక్కన వంద చదరపు మీటర్ల సమతల కప్పుపై అడుగు మందాన తాజా మంచు నిలిస్తే మూడు టన్నులు, అణిగిన మంచయితే తొమ్మిది టన్నుల భారం. కాశ్మీరులో ఇళ్లకు ఏటవాలు రేకుల కప్పులు కనిపించడానికి కారణమిదే. అయితే ఆ కప్పుల నుంచి జారే మంచు కింది సందులో నడిచేవారి మీద పడే ప్రమాదముంది. శ్రీనగరులో మంచు తొలగించాక కూడా పని ముగియదు. కరిగిన నీరు పల్లపు కాలనీల్లో నిలుస్తుంది. దాన్ని మోటార్లతో తోడిపోయాలి. డిసెంబరు 21 నుంచి 40 రోజుల ‘చిల్లై కలాన్’ కాలం అక్కడ అత్యంత కఠినమైనది.

న్యూయార్కులో నాలుగు గంటల గడువు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ బాధ్యత కొత్తది కాదు. న్యూయార్కు నగర నిబంధనల ప్రకారం ఇంటి ముందరి కాలిబాటను శుభ్రం చేయవలసింది యజమానే. పగటిపూట మంచు ఆగితే నాలుగు గంటల్లో దారి తీయాలి. రాత్రి తొమ్మిది దాటాక ఆగితే మరునాటి ఉదయం 11 గంటల వరకు వ్యవధి ఉంటుంది. ఉల్లంఘిస్తే జరిమానా. మంచును వీధిలోకి నెట్టడం కూడా నేరమే.

ఈ పద్ధతిని మన కొండ నగరాలకు యథాతథంగా తేలేము. ఇక్కడ ఒకే మెట్లదారిని అనేక కుటుంబాలు వాడుకుంటాయి; వృద్ధులు మాత్రమే ఉండే ఇళ్లూ, చలికాలంలో తాళం పడే ఇళ్లూ ఉంటాయి. అలాంటి చోట జరిమానా కంటే ముందు ఇసుక, పారలు వీధివీధికీ చేరడం అవసరం. ఆసుపత్రి దారి, నీటి పంపులు, విద్యుత్ తీగలు ప్రభుత్వం చూడాలి. తన గుమ్మం ముందు నాలుగడుగులు గడ్డకట్టకముందే ఎత్తివేయడం ఆ ఇంటివారికే సాధ్యం. ఆ పని ఉదయమే జరిగితే పాల కుర్రవాడు, బడి పిల్లలు, రోగిని మోసుకెళ్లేవారు క్షేమంగా దిగగలుగుతారు.