చూరు కింద నీలం డ్రమ్ము

మీకు తెలుసా? వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దిగే నీళ్లు 900 లీటర్ల పైమాటే. లెక్క తేలికే: చదరపు మీటరుకు మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మనం పైపు కింద పెట్టే 200 లీటర్ల డ్రమ్ము రెండు మిల్లీమీటర్లకే నిండిపోతుంది. మిగతాదంతా కాలవపాలు. వాన పట్టడానికి పెద్ద ఖర్చు లేదు, ఖర్చంతా దాచడానికే.

నేల మీద చోటుంటే బావి వరలు మేలు. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న సిమెంటు వరలో సుమారు 200 లీటర్లు పడతాయి. అడుగున కాంక్రీటు వేసి, మూడు వరలు పేర్చి, అతుకులు పూస్తే 600 లీటర్ల గాబు తయారు. ప్లాస్టిక్ డ్రమ్ములా ఎండకు పెళుసుబారదు. వెలుతురు చొరబడదు కాబట్టి, పైన మూత వేస్తే పాచి పట్టదు.

పాత డ్రమ్మే కొంటారా? అందులో ఇంతకుముందు ఏం వచ్చిందో అడగండి. నూనె, పచ్చళ్లు అయితే సరే. రసాయనాలైతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మిద్దె తోటలో పెడితే ఇంకో సంగతి: నిండు డ్రమ్ము రెండు క్వింటాళ్లు తూగుతుంది. శ్లాబు మధ్యన కాక, కింద గోడో దూలమో ఉన్నచోట నిలపాలి.

ఈశాన్య థాయ్‌లాండ్‌లో 1980లలో పల్లె జనం వాన నీటికి సిమెంటు జాడీలు చేసుకున్నారు. గోనెసంచిలో ఊకో ఇసుకో కుక్కి, దాని మీద సిమెంటు మెత్తి, ఆరాక లోపలిది తోడి సంచి లాగేసేవారు. అచ్చుకు పెద్ద ఖర్చు లేదు. ఒక్కో జాడీలో వెయ్యి, రెండు వేల లీటర్లు పట్టేవి.

దేనిలో దాచినా దోమల సంగతి మరవకండి: నిలవ నీటిలో డెంగీ దోమ గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు. నీళ్లు పారబోస్తే సరిపోదు, డ్రమ్ము లోపలి గోడకంటిన గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, కాబట్టి రుద్ది కడగాల్సిందే. మూతి మీద పాత వాయిలు చీర ముక్క బిగించి కడితే దోమా రాదు, ఆకులూ పడవు. తొలివాన మాత్రం పట్టకండి. ఎండాకాలమంతా డాబా మీద పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట దాంతోనే దిగుతాయి.

పట్టిన నీళ్లను మొక్కకు అందించే తీరూ పాతదే: మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పాతి నీళ్లు పోసే పద్ధతి క్రీస్తు పూర్వం 1వ శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఉంది. మట్టి ఆరేకొద్దీ కుండ చెమరుస్తుంది. బోరు నీళ్లలోని ఉప్పు కుండ రంధ్రాలను మూసేస్తుంది, వాన నీటితో ఆ బెడద లేదు.

అసలు పెద్ద తొట్టి నేలే. పదడుగుల చదరపు మడికి గట్టు కట్టి అంగుళం వాన నిలిపితే 230 లీటర్లు దాటుతాయి, డ్రమ్ముకు మించి! పైన ఎండుటాకులు పరిస్తే ఆ తడి త్వరగా ఆవిరైపోదు. తోటకు పెద్ద ట్యాంకులు కొనేవాళ్లు ముందు ఈ గట్టు సంగతి చూడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

అమెరికాలోని కొలరాడోలో చాలాకాలం ఇంటి కప్పు వాన పట్టడమే చట్టవిరుద్ధం. పడే చుక్క దిగువన నీటి హక్కున్నవారిదని అక్కడి చట్టం లెక్క. 2016లో సడలించారు: ఇంటికి రెండు డ్రమ్ములు, కలిపి 416 లీటర్లు, అదీ ఆరుబయటి వాడకానికే. డెన్వర్‌లో బీరపాదులు పెంచే మనవాళ్లు మూడో డ్రమ్ము జోలికి వెళ్లకూడదు.