స్ప్రింగ్‌ఫీల్డ్ (ఇల్లినాయిస్) చరిత్ర

ఈ వ్యాసము ఇల్లినాయిస్ రాష్ట్ర రాజధాని గురించినది. అమెరికాలో ఇదే పేరు గల ఊర్లు ఇంకను అనేకము ఉన్నవి.

స్ప్రింగ్‌ఫీల్డ్, అమెరికా సంయుక్త రాష్ట్రాల మధ్యపశ్చిమ ప్రాంతములోని ఇల్లినాయిస్ రాష్ట్రమునకు రాజధాని. రాష్ట్రములో అతిపెద్ద నగరము షికాగో అయినను పరిపాలనా కేంద్రము ఇదే. 2020 లెక్కల ప్రకారము నగర జనాభా 1,14,394. బానిసల విముక్తి ప్రకటన జారీచేసిన అధ్యక్షుడు అబ్రహాం లింకన్ నివసించిన ఊరుగా ఇది ప్రసిద్ధి చెందినది. 1908లో నల్లజాతివారిపై ఘోరమైన దాడులు జరిగినదీ ఈ ఊరిలోనే. నగర చరిత్రను తెలుసుకొనుటకు ఈ రెండు అంశములను కలిపి చూడవలసి ఉన్నది.

రాజధాని మార్పులు

ఇల్లినాయిస్ 1818 డిసెంబరు 3న 21వ రాష్ట్రముగా అవతరించినది. తొలి రాజధాని మిసిసిపీ నది ఒడ్డున ఉన్న కస్కాస్కియా. తరువాత అది వండాలియాకు మారినది. జనావాసములు ఉత్తరమునకు విస్తరించుటచే రాజధానిని రాష్ట్ర మధ్యభాగమునకు మార్చవలెనను వాదన బలపడినది. 1837లో శాసనసభ స్ప్రింగ్‌ఫీల్డ్‌ను ఎంపిక చేసినది. 1839లో రాజధాని తరలివచ్చినది. ఇందుకు కృషిచేసిన సాంగమన్ కౌంటీ సభ్యులు తొమ్మిదిమందిలో లింకన్ ఒకడు. వారందరును ఆరడుగులకు తగ్గని పొడగరులు కావున 'పొడవైన తొమ్మండుగురు' అని పేరుపొందినారు.

లింకన్

లింకన్ 1837 నుండి 1861 వరకు ఇచ్చట న్యాయవాదిగా జీవించినాడు. ఆయన సొంతముగా కలిగియున్న ఇల్లు ఇక్కడిది ఒక్కటే. బానిసత్వ సమస్యపై దేశము రెండుగా చీలి నిలువజాలదని 1858 జూన్ 16న పాత శాసనసభా భవనములో ప్రసంగించినాడు. 1865లో హత్యకు గురైన పిదప ఆయన భౌతికకాయమును ఆ భవనములోనే ప్రజల దర్శనార్థము ఉంచి, ఓక్ రిడ్జ్ శ్మశానవాటికలో ఖననము చేసినారు.

1908 అల్లర్లు

1908 ఆగష్టు 14న, జైలులోనున్న ఇద్దరు నల్లజాతి ఖైదీలను తమకు అప్పగించవలెనని శ్వేతజాతీయుల గుంపు చేరినది. ఒకరిపై హత్య, మరొకరిపై శ్వేతజాతి స్త్రీపై అత్యాచారము అనునవి ఆరోపణలు. అధికారులు వారిని రహస్యముగా వేరొక ఊరికి తరలించుటతో గుంపు ఆగ్రహించి నల్లజాతివారి ఇండ్లను, దుకాణములను తగులబెట్టినది. వారిలో స్కాట్ బర్టన్, విలియం డొనెగన్ అను ఇద్దరిని చంపినది. డొనెగన్ చెప్పులు కుట్టి జీవించిన వృద్ధుడు. సైనిక దళములు వచ్చిన తరువాత గాని అల్లర్లు అణగలేదు. అత్యాచార ఆరోపణ నిజము కాదని ఆ స్త్రీయే తరువాత ఒప్పుకొన్నది. ఈ హత్యలకు ఎవరికిని శిక్ష పడలేదు.

లింకన్ ఊరిలోనే ఇట్టి ఘాతుకము జరుగుట దేశమును కదిలించినది. దాని ఫలితముగా లింకన్ శతజయంతి దినమైన 1909 ఫిబ్రవరి 12న నల్లజాతివారి హక్కులకై పోరాడు జాతీయ సంఘము (ఎన్.ఎ.ఎ.సి.పి.) ఏర్పడినది.

స్మారకములు

పాత శాసనసభా భవనమును 1960లలో రాయి రాయిగా విప్పి పునర్నిర్మించినారు. 2007లో బరాక్ ఒబామా అధ్యక్ష పదవికి తన అభ్యర్థిత్వమును దాని ముంగిట ప్రకటించినాడు. 1908లో కాలిపోయిన ఇండ్ల పునాదులు 2014లో రైలుమార్గపు పనులలో బయటపడినవి. ఆ స్థలమును 2024 ఆగష్టు 16న జాతీయ స్మారకముగా ప్రకటించినారు. ఒక శతాబ్దమునకు పైగా మట్టిలో మరుగుపడిన ఈ పునాదులకు, లింకన్ ఇంటివలెనే నగర చరిత్రలో నేడు స్థానము లభించినది.