పిల్లల అడుగులే కంచె

ఊళ్ళో ఉమ్మడి జాగా ఎక్కడున్నదో తెలుసుకోవాలంటే పహాణీలు తిరగెయ్యనక్కరలేదు. చెత్త ఎక్కడ పడుతున్నదో చూస్తే చాలు. ఎవరి వాకిలి వాళ్ళు తెల్లవారకముందే ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు పెట్టుకుంటారు. ఊడ్చిన దుమ్ము మాత్రం అందరిదీ అయిన చోటికి పోతుంది. అందరిదీ అంటే ఎవరిదీ కాదని మనకు ఎవరు నేర్పారో గాని, ఆ పాఠాన్ని మాత్రం బాగా వంటబట్టించుకున్నాం.

మా హుజూరాబాదులో, మా వాడ వెనకాల, అటువంటి జాగా ఒకటున్నది. కరీంనగరు నుంచి వరంగల్లు పోయే పెద్దరోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. రాత్రింబగళ్ళు బస్సులు, లారీలు. అటువంటి ఊళ్ళో పిల్లవాడు బంతి వెంట పరుగెత్తాడంటే తల్లికి ప్రాణం పైనే పోతుంది. అందుకే వెనకటి పెద్దలు ఈ అర ఎకరం పిల్లల కోసమని వదిలారు. నడుమ ఒక వేపచెట్టు. ఒక మూల ఉయ్యాల ఊడిపోయి మిగిలిన ఇనుప కమ్మీ. ఇంకో మూల మెట్లు విరిగిన జారుడుబల్ల. వానలు పడ్డాయంటే చాలు, నడుములోతున వయ్యారిభామ.

ఈ వయ్యారిభామకు పేరులో ఉన్న సొగసు గుణంలో లేదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన కలుపు ఇది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1955లో, పుణెలో. ఆ తరువాత రోడ్ల గట్లూ రైలుకట్టలూ పట్టుకుని దేశమంతా పాకింది. ఒంటికి తగిలితే దురదలు, దద్దుర్లు. దాని పుప్పొడి పీలిస్తే కొందరికి ఆయాసం. ఒక్కొక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. పశువులు కూడా మూతి పెట్టవు. పిల్లలు ఆడే చోట మొలవదగినది కానే కాదు.

అయితే మా వాడవాళ్ళను కదిలించింది చెత్తా కాదు, కలుపూ కాదు. నిరుడు ఎండాకాలంలో ఒకనాడు పొద్దున చూస్తే, ఆ జాగా పడమటి అంచున నాలుగు రాతి కడీలు పాతి ఉన్నాయి. అంతకు ముందు ఆరు నెలలుగా అక్కడ ఇటుకల కుప్ప ఉండేది. దాని పక్కకు కంకర వచ్చింది. ఇప్పుడు కడీలు. కడీల తరువాత తీగ వస్తుంది, తీగ తరువాత గోడ, గోడ తరువాత కోర్టు. ఇది తెలియని ఊరు ఏదైనా ఉన్నదా చెప్పండి! పాతించిన పెద్దమనిషి పేరు ఇక్కడ అనవసరం. మేము నలుగురం పోయి అడిగితే ఆయన నవ్వి, "గీడ ఎవరు ఆడుతున్నరు సార్? పందులా?" అన్నాడు.

కోపం రాకపోలేదు. కాని ఆ మాటకు బదులు చెప్పగలవాడు మా నలుగురిలో ఒక్కడూ లేడు.

ఆ సాయంత్రం వేపచెట్టు కింద సమావేశమయ్యాం. రిటైరైన బడిపంతులు ఒకరు, స్కూటర్లు బాగుచేసే మెకానిక్కు, బట్టలు కుట్టే ఆమె, మహిళా సంఘం వాళ్ళు కొందరు, మా కాలేజీ విద్యార్థులు ఇద్దరు. వచ్చే ఆదివారం అందరం కలిసి శుభ్రం చేద్దామని ఒకరన్నారు. ఎదురింటి అవ్వ అరుగు మీద నుంచే అందుకున్నది: "సారూ, రెండేండ్ల కింద గూడ గిట్లనే శానమంది పోరగాండ్లు వచ్చి ఊడ్సిండ్రు. ఫోటువలు దిగిండ్రు. బువ్వ తిని పోయిండ్రు. ఒక్క వాన పడంగనే మల్ల మొలిసింది. మీరు ఊడిస్తె మొలువదా?"

"అయితే ఏం చెయ్యమంటావు అవ్వా?" అన్నాను.

"నాకేమెరుక? సదువుకున్నోళ్ళు మీరు."

అవ్వ అడిగింది చిన్న ప్రశ్న కాదు. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైనప్పటి నుంచీ 'శ్రమదానం' అనే మాట మన పల్లెలకు కొత్త కాదు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ వచ్చాక చీపురు పట్టని ప్రముఖుడు లేడు. 2022లో మన రాష్ట్రంలో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. కబడ్డీకి, ఖోఖోకు, వాలీబాలుకు బరులు గీశారు. దూరం దూకడానికి గుంట తవ్వారు. వ్యాయామానికి కమ్మీలు పాతారు. కొన్నిచోట్ల ఇవాళ్టికీ పిల్లల కేకలు వినబడుతున్నాయి. మరికొన్నిచోట్ల బోర్డు ఒక్కటే గడ్డిలోంచి తల ఎత్తి చూస్తున్నది. స్థలమూ ఒకటే, సామానూ ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

మా సమావేశంలో ఒకాయన చుట్టూ గోడ కట్టి, గేటు పెట్టి, తాళం వెయ్యాలన్నాడు. "తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలె?" అని మెకానిక్కు అడిగాడు. దాని మీద అరగంట గడిచింది. చివరకు బట్టలు కుట్టే ఆమె, "ఆడేటిది పోరగాండ్లు గదా, వాళ్ళనే అడుగుదాం. గోడ సంగతి తరువాత" అన్నది.

మరునాడు వాడలోని పిల్లల్ని పిలిచాము. ముప్పై మంది దాకా వచ్చారు. రంగులరాట్నాలు, కొత్త జారుడుబల్లలు అడుగుతారని మా అంచనా. ఒక్కరూ అడగలేదు. "గాజుపెంకలు తియ్యాలె సార్, కాళ్ళకు గుచ్చుకుంటున్నయి" అన్నాడొకడు. "ఇసుక కావాలె" అన్నది ఒక చిన్నపిల్ల. ఏడో తరగతి అమ్మాయి ఒకతె చాలాసేపు ఊరుకుని చివరకు చెప్పింది: "జాగ ఉంటె ఏం లాభం సార్? అన్నలు క్రికెట్ ఆడుతరు. మమ్మల్ని పొమ్మంటరు. బతుకమ్మ తొమ్మిది రోజులే అది మాది."

పెద్దవాళ్ళమందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తల్లులు కొందరు తల వంచుకున్నారు. తాము చిన్ననాడు విన్నదీ అదే మాట కాబోలు.

పిల్లల్ని అడగడమనేది మా వాడ కనిపెట్టిన వింత కాదు. డెన్మార్కులో సోరెన్సెన్ అనే ఉద్యాన శిల్పి ఉండేవాడు. తాను ముచ్చటపడి తీర్చిన ఆటస్థలాలను వదిలేసి, పిల్లలు ఇళ్ళు కట్టే చోట ఇసుకలో, చెక్కముక్కల్లో ఆడుకోవడం ఆయన గమనించాడు. 1943లో, దేశం జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో, కోపెన్‌హాగెన్ దగ్గరి ఎమ్‌డ్రప్‌లో పాత సామానుతో పిల్లలు తమకు తోచింది తామే కట్టుకునే ఆటస్థలం ఆయన ఆలోచన నుంచే పుట్టింది. హాలెండు రాజధాని ఆమ్‌స్టర్‌డామ్ కథ ఇంకా దగ్గరిది. యుద్ధం ముగిశాక, 1947లో, ఆల్డో వాన్ ఐక్ అనే యువ వాస్తుశిల్పి నగరపాలక సంస్థ కొలువులో ఉండి ఒక చిన్న కూడలిలో పిల్లలకు ఆటస్థలం తీర్చాడు. ఒక ఇసుక గుంట, నాలుగు గుండ్రని రాళ్ళు, పల్టీలు కొట్టడానికి కమ్మీలు, కూర్చోవడానికి బల్లలు. అంతే. అది చూసి, మా వీథికీ ఒకటి కావాలని జనం నగరపాలక సంస్థకు ఉత్తరాలు వ్రాయసాగారు. 1978 నాటికి ఏడు వందలకు పైగా ఆటస్థలాలు తయారయ్యాయి. కూలిన ఇళ్ళ మధ్య ఖాళీలను కూడా ఆయన వదలలేదు. చెత్త పడే జాగాలే పిల్లల జాగాలైనాయి.

ఆటను పెద్దలు దయతలచి ఇచ్చే తాయిలంగా చూడడం కూడా ఇప్పుడు చెల్లదు. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆడుకోవడం పిల్లల హక్కని వ్రాశారు. మన దేశం 1992లో దానికి ఒప్పుకున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండి తీరాలన్నది. మన పెద్దలకు మాత్రం ఆట అంటే చులకన ఉండేదా? సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజులతో పాటు జనం తిండినీ, బట్టనూ, ఆటలనూ కూడా చరిత్రగా ఎంచి వ్రాశారు. మన పిల్లలకు చిర్రగోనె అంటే ఏమిటో చెప్పడానికి ఇప్పుడు ఆ పుస్తకం వెతుక్కునే గతి పట్టకూడదు గదా!

ఇక పని సంగతి. మొదటి ఆదివారం ఊడ్చడం జోలికి పోలేదు, ఏరడంతోనే సరిపోయింది. సీసాపెంకులు, మేకులు, సిరంజి సూదులు. మేస్త్రీలు ఇసుక జల్లించే జల్లెడ తెచ్చి ఉయ్యాల చుట్టూ మట్టి జల్లించాం. చేతులకు మందపాటి తొడుగులు, కాళ్ళకు బూట్లు లేని వాళ్ళను ఆ పనికి రానివ్వలేదు. చెత్త ట్రాక్టరు రెండుసార్లు నిండింది. రెండో ఆదివారం వాన పడి నేల మెత్తబడ్డాక వయ్యారిభామను వేళ్ళతో సహా పీకాం. అది పూతకు రాకముందే పియ్యాలి. పూశాక పీకితే విత్తనం మనమే చల్లినట్టు. ఆయాసం ఉన్నవాళ్ళనూ, చిన్నపిల్లలనూ దాని దరికి రానివ్వరాదు. మూడో ఆదివారం నీళ్ళు నిలిచే పల్లంలో మొరం పోయించాం. మెకానిక్కు పాత టైర్లతో రెండు ఉయ్యాలలు కట్టాడు. ఆటస్థలాల్లో పిల్లలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పైనుంచి కింద పడడం వల్లనే. కనుక ఉయ్యాలల కింద అడుగు లోతున ఇసుక నింపాం. ఇసుక అడిగిన చిన్నపిల్ల ఉయ్యాల ఎక్కలేదు. కింద కూర్చుని గుళ్ళు కట్టింది.

అంచుల వెంట తంగేడు, బంతి వేశాం. దీనికొక కారణం ఉన్నది. తంగేడు జాతి మొక్కలూ, బంతీ ఒత్తుగా పెరిగిన చోట వయ్యారిభామ అంతగా తల ఎత్తలేదని కలుపు శాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. బతుకమ్మకు కావలసిన పూలు రెండూ అవే కావడం మా అదృష్టం. తంగేడు మన రాష్ట్ర పుష్పం కూడాను.

ఇదంతా చేసినా అవ్వ ప్రశ్న మిగిలే ఉన్నది. మళ్ళీ మొలవదా? అందుకని నాలుగో ఆదివారం చీపుర్లు పక్కన పెట్టి, ఒక పలక మీద వేళలు వ్రాశాం. రోజూ సాయంత్రం అయిదు దాకా చిన్నపిల్లలది. మంగళ, గురు, శనివారాలు అయిదు తరువాత ఆడపిల్లల ఖోఖో. మిగతా రోజులు మగపిల్లల కబడ్డీ. క్రికెట్టు ఆదివారం పొద్దున. పెద్ద పిల్లలు గొణిగారు. ఒక గురువారం బ్యాటు పట్టుకుని వచ్చారు కూడా. బట్టలు కుట్టే ఆమె మిషను పని ఆపి వచ్చి, పలక దగ్గర నిలబడి, ఆ రోజు ఏ వారమో వాళ్ళ చేతనే చదివించింది. మళ్ళీ రాలేదు. అవ్వ అరుగు మీది నుంచి వేపచెట్టు కిందికి మకాం మార్చింది. పిల్లల కొట్లాటలకు ఇప్పుడు ఆమెదే తీర్పు.

వానాకాలం వచ్చింది. భయపడుతూనే చూశాం. మొలవలేదని చెబితే అబద్ధమవుతుంది. మొలిచింది. కాని ఖోఖో వరుసలో ఒక్క మొక్క లేదు. కబడ్డీ బరిలో లేదు. ఉయ్యాలల కింద లేదు. జారుడుబల్ల ఇంకా బాగుపడని మూలలో మాత్రం మోకాలి ఎత్తు వచ్చింది. లేత మొక్క మీద రోజూ ఇరవై జతల కాళ్ళు పడితే అది బతకదు. నేల గట్టిపడితే విత్తనం వేరూనదు. వయ్యారిభామ ఎక్కడున్నదో చూస్తే, పిల్లలు ఎక్కడ ఆడడం లేదో తెలిసిపోయింది. ఆ మూలను ఇద్దరు మనుషులు ఒక గంటలో పీకేశారు. మొదటిసారి నలభై మందికి ఒక పూట పట్టింది.

వరంగల్లు జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు మీరు వినే ఉంటారు. మంచినీళ్ళకొక సంఘం, పారిశుద్ధ్యానికొక సంఘం అని ఊరి పనిని ఊరివాళ్ళే పంచుకుని పేరు తెచ్చుకున్న గ్రామం అది. పండుగనాటి ఉత్సాహంతో ఒక్కరోజు అందరూ చేసే పని కన్నా, ఏడాది పొడుగునా కొందరు కొంచెం కొంచెం చేసే పని నిలుస్తుందని ఆ ఊరు చూపింది. పిల్లల ఆటస్థలానికి ఆ కొందరు పిల్లలే. వాళ్ళకు జీతం ఇవ్వనక్కరలేదు. వేళ ఇస్తే చాలు. ట్యూషన్లకూ సెల్‌ఫోన్లకూ పోగా ఒక గంట మిగల్చవలసింది మాత్రం మనమే.

ఇంతకీ ఆ కడీలు ఏమైనాయంటారా? సర్వే చేసి హద్దులు చూపమని వాడ తరఫున అర్జీ పెట్టాం. అది నడుస్తున్నది. ఇటుకలూ కంకరా పోయాయి గాని, కడీలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటి మధ్య తీగ మాత్రం రాలేదు. రోజూ సాయంత్రం అరవై మంది పిల్లలు కేకలు వేసే చోట తీగ కట్టించడం ఎంత పెద్దమనిషికైనా కష్టమే. ఖోఖోకు రెండు స్తంభాలు కావాలి గదా! ఆడపిల్లలు ఆ నాలుగింటిలో రెండింటికి సున్నం కొట్టి వాడుకుంటున్నారు.

మీ వాడలోనూ ఇటువంటి జాగా ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం అక్కడికి చీపురు పట్టుకుని వెళ్ళేటప్పుడు, దయచేసి నలుగురు పిల్లల్ని కూడా వెంట తీసుకు వెళ్ళండి. అందులో ఇద్దరు ఆడపిల్లలై ఉండాలి సుమండీ!