గిట్ లేని 14 ఏళ్లు: లైనక్స్ కోడ్‌ని ఈమెయిల్స్‌తో ఎలా నడిపారు?

మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్తే కెర్నల్ వెర్షన్ అని ఒక నంబర్ కనిపిస్తుంది. అది లైనక్స్ కెర్నల్ వెర్షన్. దాని సోర్స్ కోడ్ ఎవరైనా క్లోన్ చేసుకోవచ్చు. చేసుకుని, ఏదైనా బాగా పాత ఫైల్ మీద గిట్ బ్లేమ్ కొట్టి చూడండి. ఏ లైన్ ఎవరు, ఎప్పుడు మార్చారో చెప్పే కమాండ్ ఇది. పాత లైన్లు చాలావాటి పక్కన ఒకటే పేరు, ఒకటే తేదీ ఉంటాయి: లైనస్ టోర్వాల్డ్స్, 2005 ఏప్రిల్ 16.

అదంతా ఆయన ఒక్క రోజులో రాసింది కాదు కదా. లైనక్స్ 1991లోనే మొదలైంది. 2005 వరకు ఎంతోమంది చేసిన పని ఒకే ఒక్క కమిట్‌గా గిట్‌లోకి వచ్చింది. మరి అప్పటిదాకా ఈ ప్రాజెక్ట్ ఎలా నడిచింది?

చాలా ఏళ్లు టార్‌బాల్స్, ప్యాచ్‌లు, ఈమెయిల్. అంతే. టార్‌బాల్ అంటే సోర్స్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా కట్టిన మూట. లైనస్ కొత్త వెర్షన్ రెడీ చేసి ఎఫ్‌టీపీ సర్వర్‌లో పెట్టేవాడు, మిగతావాళ్లు డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు. అప్పటి నెట్ స్పీడ్ గుర్తుంచుకోండి. 28.8 కేబీపీఎస్ మోడెమ్ మీద 5 ఎంబీ ఫైల్ దిగాలంటే, లైన్ ఎక్కడా కట్ కాకపోయినా 24 నిమిషాలు. అందుకే పాత వెర్షన్‌కి, కొత్త వెర్షన్‌కి మధ్య తేడా ఉన్న లైన్లు మాత్రమే ఉండే చిన్న ఫైల్ కూడా పెట్టేవాళ్లు. ఫోన్‌కి ఓటీఏ అప్‌డేట్ వచ్చినప్పుడు మొత్తం రామ్ కాకుండా మారిన భాగమే దిగుతుంది చూడండి, ఐడియా అదే.

ఈ తేడా ఫైల్ తయారు చేసేది డిఫ్ అనే ప్రోగ్రామ్. 1970ల యూనిక్స్ నుంచి ఉంది. దాన్ని తిరిగి కోడ్‌కి అతికించేది ప్యాచ్ అనే ప్రోగ్రామ్, లారీ వాల్ 1985లో రాశాడు. తర్వాత పెర్ల్ లాంగ్వేజ్ చేసింది కూడా ఈయనే. నా లెక్కలో ఓపెన్ సోర్స్‌కి పెర్ల్ కంటే ప్యాచ్ చేసిన మేలే ఎక్కువ.

ఎందుకంటే దాని పనితనం అలాంటిది. ప్యాచ్ ఫైల్‌లో తీసేసిన లైన్ ముందు మైనస్, కలిపిన లైన్ ముందు ప్లస్ ఉంటాయి. వాటికి పైన మూడు, కింద మూడు మామూలు లైన్లు కూడా సాధారణంగా ఉంటాయి. ఆ మామూలు లైన్లే అసలు కీలకం. మీరు 200వ లైన్ మార్చి ప్యాచ్ పంపారు అనుకుందాం. ఈలోపు ఇంకొకరు అదే ఫైల్ పైభాగంలో 40 లైన్లు కలిపేశారు. లైన్ నంబర్ తప్పింది, అయినా ప్యాచ్ ఆగిపోదు. చుట్టుపక్కల లైన్లు ఎక్కడ మ్యాచ్ అవుతాయో వెతికి, 240 దగ్గర అతికిస్తుంది. అవి కూడా కాస్త మారిపోయి ఉంటే చివరి ఒకటి రెండు లైన్లు పట్టించుకోకుండా మళ్లీ ట్రై చేస్తుంది, దీన్ని ఫజ్ అంటారు. అప్పటికీ కుదరకపోతే ఆ ముక్కని రిజెక్ట్ ఫైల్‌లో పడేస్తుంది, మనం చేత్తో కలుపుకోవాలి. రిస్క్ లేదని కాదు. ఒకేలా కనిపించే ఫంక్షన్లు రెండు ఉంటే తప్పు ఫంక్షన్‌లో అతుక్కునే ఛాన్స్ ఉంది. కానీ ఒకరికొకరు తెలియని మనుషులు, వేర్వేరు దేశాల్లో, ఏ సెంట్రల్ సర్వర్ లేకుండా ఒకే కోడ్ మీద పని చేయగలిగింది ఈ లైన్ల వల్లే.

సీవీఎస్ అనే వెర్షన్ కంట్రోల్ టూల్ అప్పటికే ఉంది, చాలా ప్రాజెక్ట్‌లు వాడేవి కూడా. లైనస్‌కి అది అస్సలు నచ్చలేదు. ప్రతి ప్యాచ్ తనే చదివి, నచ్చితే తన దగ్గరున్న కాపీలో కలుపుకునేవాడు. ఇక్కడే చిక్కు. ఇన్‌బాక్స్ నిండిపోతే ప్యాచ్ పోయినట్టే. రిజెక్ట్ చేశాడా, చూడలేదా అనేది పంపినవాడికి తెలియదు. తర్వాతి వెర్షన్ వచ్చాక అందులో తన కోడ్ ఉందో లేదో వెతుక్కోవాలి. లేకపోతే ప్యాచ్‌ని కొత్త వెర్షన్‌కి సరిచేసి మళ్లీ పంపాలి. మళ్లీ, మళ్లీ.

మధ్యలో కొందరు సొంత ట్రీలు నడిపారు. ఆలన్ కాక్స్ ట్రీలో వెర్షన్ నంబర్ చివర ఏసీ అని, ఆండ్రూ మోర్టన్ ట్రీలో ఎంఎం అని ఉండేది. కస్టమ్ కెర్నల్ ఫ్లాష్ చేసినవాళ్లకి ఈ తోకలు కొత్త కాదు. మోర్టన్ వందల ప్యాచ్‌లని వరుసలో పెట్టి, మధ్యలో ఒకటి తీసేయడానికి, మార్చడానికి స్క్రిప్టులు రాసుకున్నాడు. క్విల్ట్ అనే టూల్ పుట్టింది వాటి నుంచే.

1998లో ఈ పోయిన ప్యాచ్‌ల గొడవ బాగా ముదిరింది. లైనస్ ఒక్కడి మీద ఇంత భారం నిలవదని గట్టిగా చెప్పినవాళ్లలో లారీ మెక్‌వాయ్ ఒకడు. ఆయన కంపెనీ చేసిన బిట్‌కీపర్‌నే 2002 ఫిబ్రవరిలో లైనస్ వాడటం మొదలుపెట్టాడు. అప్పట్లో ఓపెన్ సోర్స్ కాని టూల్ అది, ఫ్రీగా వాడాలంటే పోటీ టూల్ తయారు చేయకూడదనే షరతు ఉండేది. చాలామందికి అప్పుడే మండింది. 2005లో ఆండ్రూ ట్రిజెల్ బిట్‌కీపర్ సర్వర్‌కి టెల్‌నెట్‌తో కనెక్ట్ అయ్యి, హెల్ప్ అని టైప్ చేస్తే కమాండ్ల లిస్ట్ వచ్చింది. దాన్ని బట్టి సొంత క్లయింట్ రాశాడు. ఫ్రీ వెర్షన్ ఆపేశారు. లైనస్ ఏప్రిల్ 3న గిట్ మొదలుపెట్టాడు, 7 నాటికి గిట్ కోడ్ గిట్‌లోనే ఉంది.

హిస్టరీ సరిగ్గా లేకపోతే నష్టం ఏంటో ఈలోపు కోర్టు కేసు చూపించింది. 2003 మార్చిలో ఎస్‌సీఓ కంపెనీ ఐబీఎం మీద 100 కోట్ల డాలర్లకి దావా వేసింది, తమ యూనిక్స్ కోడ్ లైనక్స్‌లో చేరిందనేది ఆరోపణ. ఫలానా కోడ్ ఎవరు రాశారు, ఎవరి ద్వారా లోపలికి వచ్చింది అని అడిగితే పాత మెయిల్స్ తవ్వుకోవాలి. 2004 మేలో లైనస్ సైన్డ్ ఆఫ్ బై అనే లైన్ ప్రతిపాదించాడు. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది అని రాసినవాడు, దాన్ని ముందుకు పంపిన ప్రతి మెయింటెయినర్ తమ పేరు పెట్టాలి. ఇప్పటికీ ఆ లైన్ లేని ప్యాచ్ కెర్నల్‌లోకి వెళ్లదు.

పాత టార్‌బాల్స్, బిట్‌కీపర్ డేటా నుంచి 2005కి ముందు హిస్టరీని తర్వాత కొందరు వేరే రిపోజిటరీలుగా కట్టారు. కానీ టార్‌బాల్ నుంచి రెండు వెర్షన్ల మధ్య తేడా వస్తుంది, ఏ లైన్ ఎవరిదో రాదు.

విశేషం ఏంటంటే, కెర్నల్ ప్యాచ్‌లు ఇప్పటికీ ఎక్కువగా మెయిల్‌లోనే వెళ్తాయి. మెయిల్‌లో వచ్చిన ప్యాచ్‌లని కమిట్‌లుగా మార్చడానికే గిట్ ఏఎం కమాండ్ ఉంది. ఇంకొకటి: గిట్ డిఫ్ కొడితే ప్రతి ఫైల్ పేరు ముందు ఏ స్లాష్, బీ స్లాష్ అని వస్తాయి కదా. పాత కోడ్ ఒక ఫోల్డర్‌లో, కొత్త కోడ్ ఇంకో ఫోల్డర్‌లో పెట్టుకుని డిఫ్ తీసేవాళ్లు, అతికించేటప్పుడు మైనస్ పీ1 ఇస్తే ఆ మొదటి ఫోల్డర్ పేరు తీసేసేది. ఆ రెండు ఫోల్డర్లే ఇప్పుడు ఏ, బీ. అందుకే గిట్ డిఫ్ అవుట్‌పుట్‌ని, బైనరీ ఫైల్స్ లాంటివి లేకపోతే, లారీ వాల్ ప్యాచ్ కమాండ్‌కి ఇచ్చినా పని చేస్తుంది.