ఇంట తోలుసంచి కుట్టుకొను విధము



పట్టణములలో స్త్రీలు చేతఁ బట్టుకొని తిరుగు తోలుసంచులను మీరు చూచియే యుందురు. వానిలోఁ గొన్నింటి వెల వినినచో గుండె జల్లుమనును. పారిసు నగరమందలి హెర్మెస్ అను సంస్థవారి సంచి యొక్కటి లక్షల రూపాయలు పలుకుచున్నది. ఆ సంస్థ 1837వ సంవత్సరమున గుఱ్ఱములకు వలయు తోలు సామగ్రి కుట్టు పనిశాలగా మొదలైనది. నాఁడు ఆ సామగ్రికిఁ గుట్టిన కుట్టునే నేఁడును వారు సంచులకుఁ గుట్టుచున్నారు. ఆ కుట్టు రహస్యమేమియుఁ గాదు. ఓపిక గలవారెవరైనను ఇంటఁ గూర్చుండి నేర్వవచ్చును.

నా యనుభవ మొకటి విన్నవించెదను. నేను మొదట చేసిన సంచిని మిషనుపైఁ గుట్టించితిని. ఆఱు మాసములు గడవకమునుపే పట్టెకడ ఒక పోగు తెగి, వరుస యంతయు వదులైనది. మా యూరి తోలుపని వృద్ధుఁ డొకఁడు దానిని చూచి నవ్వెను. ఒకే దారపు రెండు కొనలకు రెండు సూదు లెక్కించి, పట్టెను మరల కుట్టి యిచ్చెను. కపిల తిత్తులు కుట్టి, బావి నీటి బరువుకుఁ జీలని కుట్టు నెఱిఁగిన చేయి యది. ఆ కుట్టు నేఁటికిని కదలలేదు. కాని యీ విద్య గల యాయన మా తాతగారి కాలమున మా యరుగెక్కి యెఱుఁగఁడు. ఈ మాట చెప్పుటకు సిగ్గగుచున్నది; అయినను చెప్పవలెను.

ఇఁక పనికి వత్తము. మొదట తోలు. తంగేడుపట్ట, కరక్కాయ మొదలగువానితోఁ బదునుచేసిన తోలు మన దక్షిణదేశమునఁ బూర్వమునుండి ప్రసిద్ధము. అది బిగువుగా నుండును. అంచు రుద్దినచో నునుపుదేఱును. క్రోము లవణములతోఁ బదునుచేసినది మెత్తనిదే గాని, దాని యంచు అట్లు నునుపుదేఱదు. పశువు వీపు భాగపు తోలు మేలు. కడుపు భాగము సాగును. మందము ఒకటిన్నర మొదలు 2 మిల్లీమీటర్ల వఱకు చాలును.

పనిముట్లు స్వల్పములు. తోలు గోయు పదునైన కత్తి, రంధ్రములు పొడుచు ఆరె, మొన మొద్దుగా నున్న సూదులు రెండు, గట్టి నారదారము, దానికి రాయుటకు తేనెమైనము, కొలబద్ద. ఇవియే.

తోలు గోయుటకు ముందు అట్టతో నమూనా చేసి మడిచి చూడుఁడు. అట్ట పాడైన మఱియొకటి దొరకును. తోలు పాడైన డబ్బు పోవును. సంచి యొడలికి 28 సెంటీమీటర్ల వెడల్పు, 64 సెంటీమీటర్ల పొడవుగల ఒకే ముక్క చాలును. అందు ముందుభాగము 20, అడుగు 8, వెనుకభాగము 20, పైమూత 16 సెంటీమీటర్లు. ప్రక్కలకు 10 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల యెత్తుగల రెండు ముక్కలు వలయును. పైయంచు విడిచి తక్కిన మూడంచులను సెంటీమీటరు చొప్పున వెలుపలికి మడువవలెను. క్రింది మూలలలో సెంటీమీటరు చదరము కోసివేసినచో మడత చక్కగాఁ గూర్చుండును. భుజమునఁ దగిలించు పట్టె 2.5 సెంటీమీటర్ల వెడల్పు, ఒక మీటరు పొడవు.

అంచునకు 4 మిల్లీమీటర్ల లోపల గీఁత గీచి, దానిపై 4 మిల్లీమీటర్ల కొకటి చొప్పున గుర్తులు పెట్టి ఆరెతోఁ బొడువుఁడు. ఒక్కొక్క ప్రక్కకు సుమారు 120 రంధ్రములగును. దారము కుట్టు పొడవునకు నాలుగింతలు, అనగా ప్రక్కకు 2 మీటర్లు తీసికొని మైనము రాయవలెను. ఒక సూదిని ఎడమనుండియు, రెండవదానిని కుడినుండియు ఒకే రంధ్రమునఁ బోనిచ్చి, రెండు కొనలను సమముగా లాగుఁడు. రెండవ సూది మొదటి దారమును చీల్చరాదు. తుదిని మూడు రంధ్రములు వెనుకకుఁ గుట్టి దారము కోయుఁడు.

ఈ కుట్టు గట్టితనమునకుఁ గారణ మిది. మిషను కుట్టులో పైదారము, క్రిందిదారము ఒకదాని నొకటి పెనవేసికొని నిలుచును. ఒకటి తెగినచో రెండవదానికి పట్టు పోవును. రెండు సూదుల కుట్టులోనో, ప్రతి రంధ్రమునను రెండు కొనలును దాఁటును. ఒకవైపు అరిగి తెగినను, రెండవవైపు పోగు పట్టియుంచును.

పట్టె కొనలను ప్రక్కముక్కల పైభాగమున 4 సెంటీమీటర్లు ఆనించి నలువైపులఁ గుట్టుఁడు. ఈ పనిని ప్రక్కలు ఒడలికిఁ గుట్టకమునుపే చేసికొనుట సులువు. తుదకు అంచులను కొంచెము తడిపి, నున్నని కఱ్ఱతో మెఱయు వఱకు రుద్దుఁడు. మూతకు ఇత్తడి గుండీ వేసిన సంచి సిద్ధము.

ఒక్క హెచ్చరిక. పేరుపొందిన సంచి యాకారమును జూచి నేర్చుకొనుట తప్పుగాదు. దానిపై వారి పేరు ముద్ర వేయుట మోసము. మీ పనికి మీ పేరే చాలును.

పెద్దలకు నా మనవి. మీ మనుమఁడో, మనుమరాలో ఆరె చేతఁబట్టినచో, "మనకీ పనియేల?" యని యడ్డుపడకుఁడు. మీ యూర తోలుపని తెలిసిన పనివాఁ డింకను ఉన్నచో ఆయనను గౌరవముగాఁ బిలిచి, అరుగుపైఁ గూర్చుండఁబెట్టి, నేర్పినందులకుఁ దగిన ప్రతిఫల మిచ్చి, పిల్లలకు నేర్పింపుఁడు. పారిసులో లక్షలు పలుకుచున్నది చేతిపనియే. మన యింటి ముంగిట దానికిఁ బీట వేయుటకు మనకుఁ గావలసినది మనసు మాత్రమే.