పాత పోగులోనే కొత్త వేగము

1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. అప్పుడు డెల్టా కాలువలను మరల త్రవ్వలేదు. తలవద్ద కట్టడము మారినది గాని బందరు కాలువ బందరు కాలువగానే వున్నది. రైతు సోదరులారా, మీ యింటికి వచ్చు ఇంటర్నెట్టును పెంచుటయు ఇట్టి పనియే.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినారు. ఖర్చు తగ్గుటకై కేబులును కరెంటు స్తంభములపై లాగినారు. దానిలోని గాజు పోగు వెంట్రుకవలె సన్ననిది. జీపాన్ పద్ధతిలో కేంద్రమునుండి సెకనుకు సుమారు 250 కోట్ల బిట్లు బయలుదేరును. ఒక పోగు చీలి 32 లేక 64 ఇండ్లు దానిని పంచుకొనును. కావున మొదట మీ కేబులు ఆపరేటరును అడుగవలసినది, మీ పోగుపై ఎన్ని ఇండ్లున్నవని. 64ను 32 చేసినచో కొత్త యంత్రము లేకయే వాటా రెట్టింపగును.

అంతకు మించి కావలెనన్న, వేరొక రంగు వెలుగును అదే పోగులో పంపవచ్చును. పాతది 1490 నానోమీటర్ల వెలుగు. వేయి కోట్ల బిట్ల కొత్త పద్ధతి 1577ది. రెండును కలియక ప్రక్క ప్రక్కనే పోవును. గుడివాడలో చేపల చెరువుల రైతు కొత్త పెట్టె కొన్నను, పొరుగువాని పాత పెట్టె మామూలుగానే పనిచేయును.

మూడవ ఉపాయము చిత్రమైనది. సెకనుకు వేయి కోట్ల సార్లు మాత్రమే మిణుకగల చౌక లేజరును మార్చకుండ, ‘వెలుగు–చీకటి’ అను రెండు మెట్లకు బదులు నాలుగు మెట్లు పెట్టుదురు. ఒక్క మిణుకుకు రెండు బిట్లు పోవును. అయితే మెట్ల మధ్య ఎడము మూడవ వంతుకు తగ్గును గనుక, అవతల గుర్తుపట్టుటకు వెలుగు ఎక్కువ కావలెను. 32 చీలికల తరువాత ఇంటికి చేరునది 32వ వంతుకు లోపే! శివారు ఆయకట్టు కష్టము మీకు చెప్పనక్కరలేదు. నాగాయలంక, కోడూరు వంటి చివరి గ్రామములలో దూరపు ఇండ్లకు రెండు మెట్లే ఉంచి, దగ్గరి ఇండ్లకు నాలుగు వాడుట మేలు.

ఏ పద్ధతియైనను వంపులు, వదులు అతుకులు వెలుగును తినివేయును. కేబులును గేటుకు ముడివేయకుడు. వరికోత యంత్రమునకు తగులునట్లు వ్రేలాడుచుండిన ఆపరేటరుకు తెలుపుడు.

1977 నవంబరు 19 ఉప్పెనను చూచిన దివిసీమలో డబ్బును వేగముకన్న ముందు స్తంభములపై వెచ్చించవలెనని నా అభిప్రాయము. స్తంభము పడినచో బందరు రాడారు కనిపెట్టిన తుపాను వార్త ఏ పోగులోను రాదు. బ్యాటరీ రేడియో ఉంచుకొనుడు. పడిన కేబులును తాకరాదు. గాజులో కరెంటు లేకున్నను ప్రక్క తీగలో ఉండవచ్చును.