ఫోను తెరా, ముగ్గు చుక్కలూ

ఈ వేళ వంటల సంగతీ ఊరగాయల సంగతీ కాకుండా, పొద్దున లేచింది మొదలు మన చేతిలో ఉండే సెల్‌ఫోను గురించి ముచ్చటించుకుందాం. అంగడాయన రెండు ఫోన్లు ఎదురుగా పెట్టి "ఏది కావాలమ్మా?" అన్నప్పుడు వాటి తెరలను ఎట్లా పోల్చి చూసుకోవాలి అన్నదే మన విషయం. మధ్యలో కొంచెం లెక్కలు కూడా వస్తాయి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది.

అసలు ఈ గొడవలోకి నేను ఎందుకు దిగానో ముందు చెప్పాలి. పోయిన వేసవిలో మా అత్తగారికి కాళ్లు కొంచెం వాచినట్టుంటే రక్తపరీక్ష చేయించాము. రిపోర్టు ఫోనుకు పంపిస్తామన్నారు. అది రాత్రి తొమ్మిది దాటాక వచ్చింది. మావారు డ్యూటీలో ఉన్నారు. తెరిచి చూద్దును గదా, క్రియాటినిన్ అన్న వరుసలో 12 అని ఉంది. మూత్రపిండాలు సరిగ్గా పని చేస్తున్నాయా లేదా అన్నది చెప్పే లెక్క అది. సాధారణంగా 1కి అటూ ఇటూ ఉంటుందని నాకు తెలుసు. పన్నెండు అనేసరికి కాళ్ల కింద భూమి కదిలిపోయింది. చిత్తూరులో నర్సుగా పని చేసే మా ఆడపడుచుకు ఫోను చేశాను. "పన్నెండు ఉంటే అమ్మ అట్లా కూర్చుని ఉప్మా తింటా ఉండదు వదినా. మళ్లీ ఒకసారి సరిగా చూడు" అంది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఫోను నా చేతిలోంచి తీసుకుని, రెండు వేళ్లు తెర మీద పెట్టి అట్లా సాగదీసింది. ఒకటికీ రెండుకీ మధ్య చుక్క బయటపడింది. 1.2! మర్నాడు డాక్టరుగారు చూసి, వయసుకు తగ్గట్టే ఉంది, భయం లేదన్నారు. కానీ ఆ అరగంట నేను పడిన బాధ నాకూ, ఆ దేవుడికీ తెలుసు.

"నీ ఫోను తెర మంచిది కాదమ్మా" అంది అమ్మాయి. ఆ ఫోను మా అబ్బాయి రెండేళ్లు వాడి, కొత్తది కొనుక్కున్నాక నాకు ఇచ్చింది. మా ఇంట్లో పద్ధతి అదే. కొత్త ఫోను మగవాళ్లకు, వాళ్లు వాడి వదిలింది ఇల్లాలికి. మీ ఇంట్లో వేరుగా ఉంటే నాకు సంతోషమే. గ్యాసు బుక్ చేసేది మనం, పాలాయనకు డబ్బు పంపేది మనం, స్కూలు నుంచి వచ్చే మెసేజి చూసేది మనం, పెద్దవాళ్ల రిపోర్టు చదివేదీ మనమే. అందుకని చీటీ డబ్బు పదిహేను వేలు చేతికి రాగానే, ఈసారి నా ఫోను నేనే చూసి కొనుక్కుంటానని ఇంట్లో చెప్పేశాను. నాకు నలభై దాటాయి, చదివింది పదో తరగతి. అయినా వారం రోజులు కూర్చుని నేర్చుకుంటే వచ్చింది. మీకూ వస్తుంది.

ఫోను పెట్టె మీద 720 x 1600 అనో, 1080 x 2400 అనో రాసి ఉంటుంది. దీనినే రిజల్యూషన్ అంటారు. పేరు చూసి భయపడనక్కర లేదు. వారపత్రికల్లో ముగ్గు కింద "15 చుక్కలు, 15 వరుసలు" అని వేస్తారే, అచ్చం అదే ఇది. తెర అడ్డంగా 720 చుక్కలు, నిలువునా 1600 వరుసలు. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు. మనం చూసే అక్షరమైనా బొమ్మైనా ఈ చుక్కల మీద వేసిన ముగ్గే. మొదటి రకానికి హెచ్‌డీ ప్లస్ అని పేరు, రెండోదానికి ఫుల్ హెచ్‌డీ ప్లస్. గుణించి చూడండి. మొదటిదాంట్లో 11 లక్షల 52 వేల చుక్కలు, రెండోదాంట్లో 25 లక్షల 92 వేలు. అంటే రెండుంపావు రెట్లు.

చుక్కలు ఎక్కువుంటే ముగ్గు వివరంగా వస్తుందని మనకు వేరే చెప్పనక్కర లేదు. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. అవే 15 చుక్కలు చిన్న వాకిట్లో పెడితే ముగ్గు ఒద్దికగా ఉంటుంది. పెద్ద వాకిలి కదా అని దూరం దూరంగా పెడితే గీతలు వెలవెలబోతాయి. ఫోను తెర కొలత మూల నుంచి మూలకు అంగుళాల్లో చెప్తారు. అంగడిలో "పెద్ద తెరమ్మా, ఆరు పాయింట్ ఏడు అంగుళాలు" అని ఊరిస్తారు. తెర పెద్దదైంది సరే, చుక్కలు పెరిగాయా అని అడగాలి.

ఇందుకు మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2015 ఆగస్టులో షావోమీ కంపెనీ రెడ్‌మీ 2 ప్రైమ్ అనే ఫోనును విశాఖపట్నంలో విడుదల చేసింది. దాన్ని తయారు చేసింది మన సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ వారి ఫ్యాక్టరీలో. అప్పుడది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. అక్కడ ఫోన్లు బిగించినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. ధర 6,999 రూపాయలు. దాని తెర 4.7 అంగుళాలు, చుక్కలు 720 x 1280. ఇన్నేళ్ల తరువాత కూడా తక్కువ ధర ఫోన్లలో అడ్డంగా ఉండేవి అవే 720 చుక్కలు, తెర మాత్రం 6.7 అంగుళాలకు పెరిగింది. అంగుళానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో చూద్దామని పదో తరగతిలో చదివిన పైథాగరస్‌ను ఇన్నేళ్లకు మళ్లీ బయటికి తీశాను. అడ్డం సంఖ్యను దానితో దాన్నే గుణించి, నిలువు సంఖ్యనూ అట్లాగే గుణించి, రెండూ కలిపి వర్గమూలం తీసి, అంగుళాలతో భాగించాలి. ఆ పాత ఫోనుకు అంగుళానికి 312 చుక్కలు వచ్చాయి. 720 చుక్కల కొత్త పెద్ద తెరకు 262 మాత్రమే. అదే 6.7 అంగుళాల తెరలో 1080 చుక్కలుంటే 393. మా అమ్మాయి నా లెక్క సరిచూసి "కరెక్టే" అంది. ఆ మాట కోసమే లెక్క వేశానేమో అనిపించింది.

అన్నట్టు, తెరల పని కూడా మన ఊరికి కొత్త కాదు. ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ వారి తెరల ఫ్యాక్టరీకి 2018 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. టీవీలకూ ఫోన్లకూ వేసే తెరలు కూర్చేందుకు పెట్టింది అది. రేణిగుంట రైలు దిగి కొండకు పోయే యాత్రికులకు ఈ సంగతి తెలియదు గానీ మనం తెలుసుకోవాలి.

సరే, అంగుళానికి ఎన్ని చుక్కలుంటే చాలు? 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు ఆ కంపెనీవారు అంగుళానికి 326 చుక్కలు పెట్టి, మామూలు దూరంలో కంటికి చుక్క విడిగా తెలియదన్నారు. లెక్క ప్రకారం, బాగున్న కన్ను పన్నెండు అంగుళాల దూరంలో అంగుళానికి దాదాపు 286 చుక్కలదాకా విడదీసి చూడగలదు. దూరం పెరిగేకొద్దీ ఈ సంఖ్య తగ్గుతుంది. నలభై దాటిన మనకు చత్వారం. పుస్తకమైనా ఫోనైనా చెయ్యి చాపి దూరంగా పెట్టుకుంటాము. పదహారు అంగుళాల దూరంలో 215 చుక్కలు చాలు, అంతకు మించి మన కన్ను పట్టలేదు. అంటే 262 ఉన్న తెర కూడా మనకు సరిపోయిందన్నమాటే కదా! మరి నాకు ఆ చుక్క ఎందుకు కనిపించలేదు?

ఇది తేల్చుకోవాలని రిపోర్టును వెంటబెట్టుకుని గాంధీ రోడ్డులో ఒక అంగడికి పోయాను. పదకొండు వేల ఫోను ఒకటి, 720 చుక్కలది. పదిహేను వేలది ఒకటి, 1080 చుక్కలది. రెండింటి తెరా 6.7 అంగుళాలే. కంపెనీల పేర్లు చెప్పను, రోజుకొక మోడలు వస్తున్న కాలం, పేర్లతో పని లేదు. అంగడి పిల్లవాణ్ణి బతిమాలి రెండింటిలోనూ అదే రిపోర్టు తెరిపించాను. ఏమైందో చెప్తాను. కళ్లద్దాలు లేకుండా చూస్తే రెండింటిలోనూ చుక్క లేదు. 12, 12. కళ్లద్దాలు పెట్టుకుంటే 720 దాంట్లో మసక మరకలాగా ఉంది, 1080 దాంట్లో చుక్క చుక్కలాగే ఉంది. ఆ రాత్రి నేను కళ్లద్దాలు పెట్టుకోలేదు. ఇంతకాలం తప్పంతా ఫోను మీద వేశాను!

దీని వెనక లెక్క ఇది. కాగితం మీద అచ్చయ్యే రిపోర్టు వెడల్పు సుమారు ఎనిమిదింపావు అంగుళాలు. ఈ ఫోను వెడల్పు రెండుముప్పావు. మూడో వంతుకు కుదించి చూపిస్తుంది. అక్షరాలన్నీ ఆవగింజలైపోతాయి. 720 తెరలో ఆ దశాంశ బిందువు వాటాకు పిక్సెల్ ఒకటి దక్కితే ఎక్కువ. అదే వేళ్లతో పెద్దది చేస్తే బిందువుకు పది పన్నెండు పిక్సెళ్లు దక్కుతాయి, ఎంత పాత ఫోనైనా చూపిస్తుంది. రిపోర్టు, బిల్లు, బ్యాంకు కాగితం, ఏదైనా సరే వేళ్లతో సాగదీయకుండా అంకెలు చదవకండి. దీనికి డబ్బు ఖర్చు లేదు.

అట్లాగని చుక్కలు దండగ అని నేను అనను. ముఖ్యంగా తెలుగు చదివేవాళ్లకు. ఇంగ్లీషు అక్షరానికి కింద ఏమీ ఉండదు. మనకు ఒత్తులు, గుడులు, తలకట్లు. ద-కీ ధ-కీ తేడా పొట్టకింద చిన్న గీత. ప, ష, ఘ వరుసగా పెట్టి చూడండి. "లక్ష్మి" అన్న మాటలో క కింద రెండు ఒత్తులు ఇరుక్కుని ఉంటాయి. అక్షరం చిన్నదైతే అవన్నీ కలిసి ముద్దవుతాయి. అంగడిలో తెరిచి ఉండే రంగురంగుల పూల బొమ్మ చూసి మురిసిపోకుండా, ఒక తెలుగు పత్రిక పేజీ తెరవమనండి. పూలను ఏ ఫోనైనా బాగానే చూపిస్తుంది.

అంగడివాళ్లు చుక్కల విషయంలో ఇంకో గారడీ చేస్తారు. "యాభై మెగాపిక్సెల్ అమ్మా" అంటారు. అది కెమెరా లెక్క. యాభై మెగాపిక్సెల్ అంటే 5 కోట్ల చుక్కలు. మన తెరలో ఉన్నది 11 లక్షలో, 26 లక్షలో. ఫోటో ఎంత గొప్పదైనా ఈ తెర మీద అంతవరకే కనిపిస్తుంది. "ఫోర్ కే ఉంది" అన్నా అది వీడియో తీసే శక్తి, తెరది కాదు.

ఇకపోతే, నన్ను ఫోను కొనేలా చేసింది చుక్కలు కాదు, వెలుతురు. రెండు ఫోన్లూ పట్టుకుని "కొంచెం బయట ఎండలో చూస్తానయ్యా" అన్నాను. ఆ పిల్లవాడికి ఇష్టం లేదు, అయినా వెంట వచ్చాడు. మన ఎండలు మీకు తెలియనివా? పదకొండు వేల ఫోను వీధిలోకి రాగానే అద్దమైపోయింది, నా మొహం తప్ప ఏమీ కనిపించలేదు. రెండోదాంట్లో అక్షరాలు తెలుస్తున్నాయి. తెర వెలుతురును నిట్‌లలో కొలుస్తారు. చదరపు మీటరు మేర ఒక కొవ్వొత్తి వెలుగు ఉంటే అది ఒక నిట్ అనుకోండి. చవక తెరలు ఎక్కువగా ఎల్‌సీడీ రకం. వాటిలో చుక్కల వెనక దీపం ఒకటి అంతటా వెలుగుతుంది, చుక్కలు తెరచాటులాగా అడ్డం ఉంటాయి. అమోలెడ్ అనే రకంలో ప్రతి చుక్కా దానికదే ఒక ప్రమిద. కార్తీకమాసంలో గుడి మెట్ల మీద చూస్తామే, అట్లా. నలుపు కావలసిన చోట ప్రమిద ఆరిపోతుంది, అందుకే నలుపు నిజమైన నలుపుగా ఉంటుంది. దీనిలోనూ లోపం లేకపోలేదు. ఒకే బొమ్మను గంటలకొద్దీ కదలకుండా ఉంచితే ఏళ్లు గడిచాక దాని నీడ తెర మీద నిలిచిపోవచ్చు. ఇంకొకటి, పెట్టె మీద వేలకు వేలు నిట్‌లు వేస్తారు. అది తెరలో చిన్న భాగానికి, కాసేపే. అందుకే పెట్టె కన్నా వీధే నమ్మకం.

90 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ అని కూడా చెప్తారు. సెకనుకు అన్నిసార్లు తెర కొత్తగా గీస్తుందన్నమాట. పేజీ జరిపితే జారుడుగా ఉంటుంది, బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుంది. ఆటలాడే పిల్లలకు కావాలి గానీ నాకు పట్టింపు లేదు.

"ఎనిమిదీ ఎనిమిదీ పదహారు జీబీ ర్యామ్" అన్నదాని దగ్గర మాత్రం కాస్త ఆగండి. ర్యామ్ వంటింటి గట్టులాంటిది, పని చేసుకునే చోటు. స్టోరేజి అటకలాంటిది. ఆ రెండో ఎనిమిది అటక మీద కొంత చోటు తీసి గట్టు అని పిలవడమే. ప్రతిసారీ నిచ్చెన ఎక్కి దిగితే పని ఎంత తొందరగా అవుతుందో మీకే తెలుసు. మొదటి ఎనిమిదినే లెక్కలోకి తీసుకోండి.

చివరగా, ఈ ఫోనుకు ఎన్నేళ్లు కంపెనీవాళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారని అడగండి. అంగడిలో చాలామంది ఈ మాట అడగరు. 2024 జనవరిలో శాంసంగ్ తన ఖరీదైన గెలాక్సీ ఎస్24కు ఏడేళ్లు ఇస్తానని ప్రకటించింది. తక్కువ ధర ఫోన్లకు అంతకన్నా తక్కువ ఉండడం మామూలు. తెర ఎంత బాగున్నా, డబ్బు పంపే ఫోనుకు ఆ కాపలా లేకపోతే దొంగలకు తలుపు తీసిపెట్టినట్టే. నేను చూసినవాటిలో ఒకదానికి రెండేళ్లు, ఇంకోదానికి నాలుగేళ్లు. మా అబ్బాయి వాడి ఇచ్చినదానికి ఆ గడువు నా చేతికి రాకముందే తీరిపోయిందట.

పదిహేను వేలదే తెచ్చుకున్నాను. ఇంటికి రాగానే సెట్టింగుల్లోకి పోయి అక్షరాల సైజు రెండు మెట్లు పెంచాను. "జేజి ఫోనులాగా ఉందమ్మా" అని మా అబ్బాయి నవ్వాడు. నవ్వనీ. వంటింట్లో తడి చేతులతో ముట్టుకోకుండా ఒక గుడ్డ పక్కనే పెట్టుకున్నాను, అంతే. పోయిన వారం అత్తగారి రిపోర్టు మళ్లీ వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, రెండు వేళ్లతో సాగదీసి చూశాను. 1.1. "ఎంతుందమ్మాయ్?" అని ఆమె అడిగింది. "చుక్క ఉందత్తా" అన్నాను.